ఎడమ భుజం

మా కొడగు సీమలో తుపాకి ఇంటిలోని ఒక పెద్ద వంటిది. దానికి ఒక చోటు ఉన్నది, పూజ ఉన్నది, అది మాట్లాడడానికి ఒక వేళ ఉన్నది. మగబిడ్డ పుట్టినప్పుడు ఆకాశంలోకి ఒక్కసారి తుపాకి పేలుస్తారు; ఇంటిలో ఎవరైనా కన్నుమూస్తే రెండుసార్లు. కొండల మీద విసిరివేసినట్లు దూరదూరంగా ఉండే ఇళ్ళకు పూర్వం అదే కబురు. ఒక్క చప్పుడు విని ఆగిపోతే పొరుగువారు చిరునవ్వు నవ్వుకొంటారు. రెండవది వినిపిస్తే చేతిలో పని వదలి లేస్తారు. పుత్తరి పండుగనాడు కొత్త వరి కంకి కోసే వేళ కూడా తుపాకి మ్రోగవలసిందే.

సెప్టెంబరు మొదటి రోజులలో, నాట్లు ముగిసి వాన కొంచెం తెరిపి ఇచ్చినప్పుడు, కైల్‌పోదు వస్తుంది. కైలు అంటే ఆయుధం, పోదు అంటే పండుగ. ఇంటిలోని తుపాకులను, ఒడికత్తులను, నడుముకు దోపుకొనే పీచెకత్తులను శుభ్రం చేసి, నూనె పట్టించి, దేవుని గదిలో వరుసగా నిలిపి, అగ్నిశిఖ పూలతో అలంకరిస్తాము. ఎరుపూ పసుపూ కలిసిన మంట నాలుకల వంటి ఆ పూవును మా భాషలో 'తోకు పూ' అంటారు. తుపాకి పూవు అని అర్థం. పూవుకు తుపాకి పేరు పెట్టిన జాతి లోకంలో మరియొకటి ఉన్నదో లేదో గాని, మా స్వభావం తెలుసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

1857 తరువాత దేశమంతటా ప్రజలను నిరాయుధులను చేసిన ఆంగ్ల ప్రభుత్వం 1861లో కొడవలకు మినహాయింపు ఇచ్చింది. స్వతంత్ర భారతంలో 1959 ఆయుధ చట్టం వచ్చిన పిమ్మట కూడా ఆ మినహాయింపు నిలిచింది. 2019లో కేంద్ర ప్రభుత్వం దానిని 2029 వరకు పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. లైసెన్సు అక్కరలేదు, మినహాయింపు పత్రం ఉంటే చాలును. ఒక సీమ వారికి ఉన్న హక్కు పక్క సీమ వారికి ఎందుకు లేదని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. కాని నేను చెప్పదలచినది చట్టం మాట కాదు, చేతి మాట.

ఇటువంటి ఇంటిలో నేను పుర్రచేతివాడినై పుట్టాను. పదిమందిలో సుమారు ఒకరు అట్లా పుడతారని శాస్త్రజ్ఞులు చెబుతారు. మా వంశంలో లెక్క అంతకంటె తక్కువ. లేదా పట్టుబడినవారు తక్కువ. కుడిచేత అన్నం తినడం, కుడిచేత తాంబూలం అందుకోవడం నాకు కష్టం కాలేదు. వ్రాత మాత్రం బడిలో బెత్తం దెబ్బలతో కుడిచేతికి మారింది. ఈనాటికీ నా దస్తూరి ఎవరో అద్దెకు వచ్చిన మనిషి వ్రాసినట్లు ఉంటుంది. రాయి విసరినా, కత్తి దూసినా, కొమ్మ పట్టుకొని చెట్టెక్కినా ముందుకు పోయేది ఎడమ చేయే.

సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. జందెం ఎడమ భుజం మీదనుండి వ్రేలాడడమే క్రమం కనుక కాబోలు, సవ్యంగా అంటే సరిగా అనే అర్థం మన భాషలలో స్థిరపడిపోయింది. ఎడమను తప్పుపట్టే నోటితోనే మనం దినానికి పదిసార్లు దానిని మెచ్చుకొంటున్నామన్న మాట! అర్జునుడికి సవ్యసాచి అన్న బిరుదు ఎడమచేత కూడా బాణం వేయగలిగినందుకే వచ్చింది. అయితే అందులో సగం గొప్పతనం వింటిది. వింటికి కుడి ఎడమలు లేవు. అటుది ఇటు మార్చి పట్టుకొంటే సరిపోతుంది. బోల్టు రైఫిలును అట్లా మార్చి పట్టుకోవడానికి వీలు లేదు.

బోల్టు రైఫిలును ఎన్నడూ ముట్టుకోని పాఠకులు తలుపు గడియను తలచుకొంటే చాలును. గొట్టం వెనుక ఒక ఇనుప గడియ ఉంటుంది. దాని పిడిని పైకెత్తి వెనుకకు లాగితే కాలిన తూటా తొడుగు ఎగిరి అవతల పడుతుంది. ముందుకు నెట్టితే కొత్త తూటా లోపలికి పోతుంది. పిడిని క్రిందికి దింపితే గడియ పడుతుంది. ఆ పిడి కుడివైపున ఉంటుంది. కుడిచేతివాడు ఎడమ అరచేతిలో తుపాకి బరువు నిలుపుకొని, మీట నొక్కిన కుడిచేతితోనే ఈ నాలుగు పనులు చేసివేస్తాడు. అదే తుపాకిని ఎడమ భుజానికి ఆనించి చూడండి. మీట మీద ఎడమ చేయి ఉన్నది, పిడి ఆవలి ప్రక్కన ఉన్నది. ఎడమచేతిని తుపాకి మీదుగా దాటించి పిడిని అందుకోవాలి. లేకపోతే బరువు మోస్తున్న కుడిచేతిని తీయాలి, అప్పుడు గొట్టం ముక్కు నేలకు వాలుతుంది. ఏది చేసినా గురి చెదరుతుంది. చాలా రైఫిళ్ళకు మడమ మీద చెంప ఆనడానికి ఒక ఉబ్బు కూడా చెక్కి ఉంచుతారు. అది ఎడమ ప్రక్కన ఉంటుంది. ఎడమ భుజం నుండి కాల్చేవాడి చెంప ఆనేది కుడి ప్రక్కన.

మా ఇంటిలోని పాత తుపాకి బోల్టుది కాదు. గొట్టం మూతినుండి మందు కూరి, కేపు పెట్టి కాల్చే ముసలి తుపాకి. నాకు పదునాలుగవ యేట కైల్‌పోదునాడు మా తాతగారు దానిని నా చేతికిచ్చారు. కుడిచేత అందుకొని ఎడమ భుజానికి ఎత్తాను. వెనుక నిలబడిన ముసలమ్మలు పకపక నవ్వారు. తాతగారు నవ్వలేదు. కేపు పేలే చోటు గొట్టానికి కుడివైపున ఉంటుంది. ఎడమ భుజం నుండి కాల్చేవాడి ముఖం కూడా అటే ఉంటుంది. నిప్పురవ్వలు నా కనుబొమ్మ మీద పడ్డాయి. కొబ్బరికాయ పగిలింది, కనుబొమ్మ సగం కాలింది. మా అమ్మ వెన్న రాస్తూ, "ఈ తుపాకికి కూడా నీ పుర్రచేయి గిట్టలేదురా" అన్నది.

నా కన్ను సంగతి కనిపెట్టినవారు మా పెదనాన్నగారు. ఆయన సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చిన మనిషి. ఒకనాడు నన్ను ముంగిట నిలబెట్టి, రెండు చేతులు చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేయమన్నారు. ఆ సందులోనుండి దూరాన ఉన్న సిల్వరు ఓకు చెట్టును రెండు కళ్ళతో చూడమన్నారు. తరువాత ఒక్కొక్క కన్నే మూయమన్నారు. ఎడమ కన్ను మూయగానే చెట్టు మాయమైంది. కుడి కన్ను మూసినప్పుడు కదలకుండా అక్కడే నిలిచి ఉన్నది. రెండు కళ్ళూ తెరచి ఉన్నప్పుడు మనకు తెలియకుండానే పెత్తనం చేసే కన్ను ఒకటి ఉంటుంది. నాకది ఎడమది. చేతివాటానికీ కంటివాటానికీ పొత్తు ఉండి తీరాలని లేదు. కుడిచేతివారిలో కూడా ఎందరికో ఎడమ కన్నే ఏలిక. నాకు రెండూ ఒకే ప్రక్కకు వచ్చాయి.

"వీడిని కుడి భుజానికి మార్చుదాము" అని మా నాన్నగారు అన్నప్పుడు పెదనాన్నగారు తల అడ్డంగా ఊపారు. తమ పటాలంలో ఒక పుర్రచేతి జవాను ఉండేవాడట. వాడికి కుడి భుజం మీద కాల్చడం నేర్పి, ఎడమ కన్ను మూయించారు. పరీక్షలలో నెగ్గేవాడు, కాని తుపాకి ఎత్తిన ప్రతిసారీ ముందు తనతో తాను ఒకసారి పోట్లాడి తరువాత కాల్చేవాడట. "దాపటి ఎద్దును వలపట కడితే నడవకపోదు, చాలు మాత్రం వంకర పోతుంది. బడిలో వీడి చేతిని కొట్టి మార్చారు. కన్నును ఎవరు కొడతారురా?" అన్నారు పెదనాన్నగారు. మా నాన్నగారు మరి మాట్లాడలేదు.

1996లో నాకు స్వంత రైఫిలు కొనే వంతు వచ్చింది. వేటలేని కాలంలో రైఫిలు ఎందుకని అడుగవచ్చు. మా తాతగారు వేటాడిన అడవిలో నేను వేటాడలేను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ కథను ముగించింది, ముగించడమే మేలయింది. ఇప్పుడు ఏనుగే మా తోటలోకి వచ్చి పనసపండ్లు తిని పోతున్నది. కాఫీ చెట్ల చాటున ఊపిరి బిగబట్టి దానిని చూస్తూ నిలబడడమే నా వేట. రైఫిలుకు మిగిలిన పని పండుగలనాటి కొబ్బరికాయ పోటీ. ఎత్తైన చెట్టు కొమ్మకు కాయ కడతారు. దూరాన నిలబడి దానిని కొట్టాలి. పోటీ చిన్నది, పౌరుషం పెద్దది. ఊరిలో ఏ ఇంటివాడు కాయ కొట్టాడో మరుసటి కైల్‌పోదు దాకా చెప్పుకొంటారు.

మినహాయింపు పత్రం తీసికొని మైసూరులోని ఒక తుపాకుల దుకాణానికి పోయాను. దుకాణదారు ముసలివాడు, మర్యాదస్థుడు. నేను ఎడమచేతివాడినని చెప్పగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకొన్నాడు. ఇంత కాలంలో అటువంటివారు ఎందరు వచ్చారని అడిగితే, వ్రేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఒక చేతి వ్రేళ్ళు చాలుతాయన్నాడు. "అందరూ కుడి బోల్టుదే కొన్నారు స్వామీ, అలవాటు చేసుకొన్నారు. జోడు గొట్టాల తుపాకి కొనండి, దానికి ఏ భుజమైనా ఒకటే" అన్నాడు. ఆయన మాటలో నిజమున్నది. మధ్యకు విరిచి తూటాలు పెట్టే ఆ తుపాకికి పిడి లేదు, ప్రక్క లేదు. కాని దాని రవ్వలు కొద్ది గజాలు దాటితే చెదరిపోతాయి. నాకు కావలసినది ఒక్క గుండు, ఒక్క చోటు.

ఆయన బల్ల మీద పెట్టినది ఇచ్ఛాపురం కర్మాగారంలో తయారైన .315 రైఫిలు. ఇది మన ఆంధ్ర దేశపు ఇచ్ఛాపురం కాదు, కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డునున్నది. అక్కడ 1787లో తుపాకి మందు కర్మాగారం నెలకొల్పారు. అదే స్థలంలో 1904లో రైఫిళ్ళ కర్మాగారం వెలసింది. .315కు ఒక చిత్రమైన చరిత్ర ఉన్నది. ఆంగ్ల సైన్యం తూటా .303. అది ప్రజల చేతిలో ఉండరాదన్నారు. అందువలన ఎక్కడో ఆస్ట్రియా సైన్యానికి పుట్టిన ఎనిమిది మిల్లీమీటర్ల మాన్లిహర్ తూటా మన పొలాలకు, తోటలకు వచ్చి చేరింది. రైఫిలు నిర్మాణం మాత్రం లీ ఎన్‌ఫీల్డుదే. ఆ బోల్టును కల్పించిన జేమ్స్ పారిస్ లీ స్కాట్లండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసినవాడు. ఇట్లా నాలుగైదు దేశాలు కలిసి వండిన వస్తువది. అయిదు తూటాలు పట్టే పెట్టెతో, నల్లని ఇనుముతో, ముదురు చెక్కతో బల్ల మీద పడుకొని ఉన్నది. దానిని ఎడమ భుజానికి ఎత్తాను. భద్రతా మీట ఎడమవైపుననే ఉన్నది, నా బొటనవ్రేలు కదలనవసరం లేకుండా. ఆ ఒక్క దయ తప్ప మిగిలినదంతా కుడిచేతివాడి కొలత.

అప్పుడు దుకాణదారు గొంతు తగ్గించి మరియొక సంగతి చెప్పాడు. నీలగిరి తోటలలో ఒక కుటుంబం వారు అమ్మజూపుతున్న అమెరికా రైఫిలు ఒకటి ఉన్నదట. దాని బోల్టు ఎడమవైపున ఉన్నదట. అమెరికాలో 1950 దశకం చివరినుండి అటువంటివి కర్మాగారాలలోనే తయారు కావడం మొదలైంది. అంతకు పూర్వం ఎడమ బోల్టు కావాలంటే నేర్పరి అయిన కమ్మరి చేత ప్రత్యేకంగా చేయించుకోవలసిందే. మన దేశంలోకి 1980 దశకం మధ్యనుండి సామాన్యుడికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. పేరుపొందిన క్రీడాకారులకు మాత్రమే అనుమతి. కనుక దేశంలో అప్పటికే ఉన్నవి చేతులు మారడమే గాని, కొత్తవి వచ్చే దారి లేదు.

రెండు వారాల తరువాత కొండలెక్కి పోయి దానిని చూచాను. ఆ ఇంటివారు కాఫీ ఇచ్చి, గుడ్డలో చుట్టిన రైఫిలు తెచ్చి నా చేతిలో పెట్టారు. భుజానికి ఎత్తి, ఖాళీ గదిలో గోడవైపు గురిచూచి, మీట నొక్కి, చేయి తీశాను. చేయి తనంతట తాను పిడి మీదికి పోయింది. నేను పంపలేదు. పైకి, వెనుకకు, ముందుకు, క్రిందికి: నాలుగు పనులూ ఒక్క ఊపిరిలో అయిపోయాయి, గురి మాత్రం గోడమీద పెట్టినచోటనే ఉన్నది. ఇరవై ఏడేళ్ళ వయస్సులో నా కోసం చేసిన వస్తువును మొదటిసారి ముట్టుకొన్నాను. కత్తెర, తాళం, బడిబల్ల, తుపాకి, అన్నీ అంతవరకు ఇతరుల చేతికి చేసినవే. వాటిని నేను ఎరువు తెచ్చుకొని వాడుకొంటున్నట్లే ఉండేది. ఆ ఎరువు సంగతి కూడా అంతవరకు నాకు తెలియలేదు. ఆ గదిలో నేనెంతసేపు పిడిని ఆడిస్తూ నిలబడ్డానో, ఇంటి యజమానురాలు వచ్చి మరియొక కప్పు కాఫీ పెట్టిపోయింది.

దాని ధర మా రెండేళ్ళ కాఫీ. ఇచ్ఛాపురం రైఫిలు ధర ఆ యేటి మిరియాలలో సగం. డబ్బు అప్పైనా తేవచ్చు. కాని ఆ అమెరికా రైఫిలు తినే తూటా .270, మన అంగళ్ళలో అది దొరకడం ఎండాకాలపు వాన వంటిది. ఏడాదికి పది తూటాలు దొరికితే వాటిని దాచుకోవడమే గాని, సాధన చేయడం ఉండదు. సాధనలేని చేతికి ఏ ప్రక్క పిడి ఉంటే ఏమి?

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. మాకు తుపాకి కొన్నవాడిది కాదు, ఇంటిది. నా తరువాత అది దేవుని గదిలో నిలబడుతుంది. ఎవరో ఒకరు కైల్‌పోదునాడు దానిని ఎత్తాలి. ఎడమ బోల్టు రైఫిలును ఇంటికి తెస్తే, నేను పుట్టినప్పటినుండి పడిన అవస్థనే తరువాత వచ్చే కుడిచేతివారికి అంటగట్టినవాడినవుతాను. ఈ మాట మా నాన్నగారితో అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కాల్చేది నీవు. ఇంటిని గురించి ఆలోచించడం మంచిదే కాని, ఇల్లు నీ భుజానికి నొప్పి తగ్గించదు" అన్నారు. ఆయన అట్లా అంటారని నేననుకోలేదు. ఆ మాట విన్న తరువాతనే నాకు ఎన్నుకోవడం సులభమైంది. అంతవరకు బలవంతంగా తోచినది అప్పుడు నా ఇష్టమై కనిపించింది. మైసూరుకు పోయి .315 కొన్నాను.

ఆ తరువాత సంగతి ఓపికది. మొదట అందరు ఎడమచేతివారి వలెనే ఎడమచేతిని మీదుగా దాటించి పిడిని పట్టుకొనేవాడిని. మోచేయి కంటికి అడ్డం వచ్చేది. తరువాత ముందు ఒక ఇసుక సంచి పెట్టి, బరువును సంచికి అప్పగించి, పని లేకుండా మిగిలిన కుడిచేతిని పిడికి పంపాను. అప్పుడొక విశేషం బయటపడింది. కుడిచేతివాడు ప్రతి గుండుకూ మీట మీదనుండి చేయి తీయవలసిందే. నా ఎడమచేయి మీట దగ్గరనే, చెంప చెక్క మీదనే ఉండిపోయాయి. కుడిచేయి పోయి గడియ వేసి వచ్చింది. పడుకొని కాల్చేటప్పుడు, ఆనిక పెట్టుకొని కాల్చేటప్పుడు కుడి బోల్టు ఎడమచేతివాడికి అడ్డు కాదు, పైపెచ్చు సుఖం. లీ ఎన్‌ఫీల్డు బోల్టు తెరవడానికి తేలిక, మూయడానికి బరువు. దాని స్ప్రింగు ముందుకు నెట్టేటప్పుడు బిగుసుకొంటుంది. నా కుడిచేతికి ఆ నెట్టడం రావడానికి ఒక వర్షాకాలం పట్టింది. తూటా లేకుండా, వసారాలో చాప మీద పడుకొని, వాన చప్పుడు వింటూ వేలసార్లు నెట్టి ఉంటాను. నిలబడి వెంటవెంటనే రెండు గుండ్లు కాల్చవలసిన పని వస్తే మాత్రం నేనీనాటికీ కుడిచేతివాడికి సమానం కాను. కొబ్బరికాయ పోటీలో రెండవ గుండుకు తొందర లేదు. కళ్ళకు అద్దాలు తప్పక పెట్టుకొంటాను. ఎప్పుడైనా తూటా తొడుగు చీలితే, తెరపి ఉన్న ప్రక్కనే నా ముఖం ఉంటుంది. ఎడమచేతివాడెవడైనా నన్ను సలహా అడిగితే మొదట చెప్పేది అద్దాల సంగతే. బోల్టు మాట తరువాత.

మా అమ్మాయి 2001లో పుట్టింది. ఆచారం మగబిడ్డకే అని ఒకరిద్దరు గొణుగుతుండగా, తాతగారి పాత తుపాకిలో మందు మాత్రం కూరి ఆకాశంలోకి పేల్చాను. కనుబొమ్మలు ఈసారి జాగ్రత్తగా కాపాడుకొన్నాను. పిల్లకు గిలక ఇస్తే కుడిచేత పట్టుకొన్నది. పెద్దదైన తరువాత ముంగిట నిలబెట్టి అరచేతుల సందులోనుండి చెట్టును చూపించాను, కుడి కన్ను. మా పెదనాన్నగారు అప్పటికి లేరు.

2022 కైల్‌పోదునాడు పూజ ముగిసిన తరువాత ఆ అమ్మాయి దేవుని గదిలోనుండి .315ను తానే తీసికొని వచ్చింది. తోకు పూవును తీసి జడలో పెట్టుకొని, రైఫిలును కుడి భుజానికి ఎత్తి, ఖాళీ బోల్టును ఒకసారి ఆడించింది. పైకి, వెనుకకు, ముందుకు, క్రిందికి. దానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తరువాత తుపాకిని దించి మడమను అటూ ఇటూ త్రిప్పి చూచి, "నాన్నా, ఈ చెక్క కుడి ప్రక్కన ఇంత అరిగిపోయిందేమి? ఎడమ ప్రక్కన మెరుగు కొత్తగానే ఉన్నదే?" అన్నది. నా చెంప ఆనిన చోటు చూపించాను. అరిగి నునుపైన ఆ చోటును వ్రేలితో తడిమి, ఇరవై ఆరేళ్ళుగా ఎవరూ ముట్టని రెండవ ప్రక్కకు తన చెంప ఆనించి, కొబ్బరికాయ వంక చూచింది.